ఆంగ్లమునందలి కఠిన పదములను గూర్చి

పోయిన జూలై మాసములో ఒకనాటి సాయంకాలము, పాఠశాల విడిచిన తరువాత, తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలుని తండ్రిగారు కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చిరి. ఆయన చేతిలో కుమారుని నోటుపుస్తకము గలదు. "మాస్టరుగారూ, మీరు తేలిక మాటలే చెబుతున్నారట. అవి అందరికీ వస్తాయి గదండీ. మావాడు నలుగురిలో నోరు విప్పితే ఎదుటివాడు డిక్షనరీ వెదుక్కోవాలి. అలాంటి మాటలు నేర్పించండి" అని కోరిరి. ఆయన ఎనిమిదవ తరగతితో చదువు చాలించి, ఎరువులు, పురుగుమందులు అమ్ము దుకాణములో గుమాస్తాగా నున్నవారు. ఇంగ్లీషు రానందున తాము పడిన చిన్నతనము కుమారుడు పడరాదని వారి కోరిక. ఆ కోరికను చూచి నవ్వుటకు నాకు మనసొప్పలేదు.

నోటుపుస్తకము తెరచితిని. "పల్క్రిట్యూడ్", "లొక్వేషస్", "సెస్క్విపెడేలియన్" మొదలగు మాటలు నాలుగు వందల వరకు వరుసగా వ్రాసి, ఒక్కొక్క దాని కెదురుగా ఒక్కొక్క తెలుగు మాట వ్రాసియున్నది. మొదటిదాని కెదురుగా "అందము" అని యున్నది. "మీ చెల్లెలు పండుగనాడు పట్టుపావడా కట్టుకొన్నప్పుడు ఈ మాట వాడవచ్చునా?" అని బాలుని అడిగితిని. "వాడవచ్చునండీ" అని వాడు తడుముకొనక చెప్పెను. మూడవ మాటకు లాటిన్ భాషలో "అడుగున్నర పొడవు గలది" అని మూలార్థము. పొడుగు మాటలను వెక్కిరించుటకే ఆ పొడుగు మాట పుట్టినది. ఆ హాస్యము మాత్రము నోటుపుస్తకములోనికి ఎక్కలేదు.

కఠిన పదములు నేర్వవలదని నా వాదము కాదు. ఈ మాట ముందుగానే చెప్పవలసి వచ్చినది. ఏలయనగా ఉపాధ్యాయు డిట్టి విషయమున నోరు మెదపినంతనే, పల్లెటూరి పిల్లలకు పెద్ద చదువు వలదనుచున్నాడని కొందరు తలతురు. పెద్ద మాటలు వలయును. అవి లేక పెద్ద పుస్తకములు చదువుట సాధ్యము కాదు. కాని మాట కొక అర్థము చొప్పున పట్టిక వ్రాసి వల్లించినంత మాత్రమున ఆ మాట మన సొత్తు కాదు. అది ఏ మాటల సరసన కూర్చుండునో, ఎవరు ఎవరితో పలుకుదురో, ఎచ్చట పలికిన నవ్వు వచ్చునో, ఎచ్చట పలికిన హాని కలుగునో తెలిసినపుడే అది మనదగును. ఇది నాకు పుస్తకములవలన తెలియలేదు. మా యూరి శివారు చేలవలన తెలిసినది.

నలుబది యేండ్ల క్రిందటి మాట. నేను పదవ తరగతి చదువుచుంటిని. మాది కృష్ణా డెల్టాలో కాలువ చివర నున్న గ్రామము. పైయూళ్ల చేలు తడిసిన తరువాత మిగిలిన నీరే మా శివారు భూములకు దక్కును. ఆ యేడు చేలు పొట్టమీద నుండగా పండ్రెండు దినములు పంటబోదెలోనికి చుక్క నీరు రాలేదు. అర్జీ పెట్టవలెనని పెద్దలు నిశ్చయించిరి. ఇంగ్లీషులో వ్రాసిన అర్జీకి విలువ యెక్కువయని మా యూరి నమ్మకము. తరగతిలో నాకు ఇంగ్లీషున మొదటి మార్కు వచ్చుచుండెను గనుక మా పెదనాన్నగారు కాగితము నా చేతి కిచ్చి, "నీళ్లు రావటం లేదు, వదలమని రాయరా అబ్బాయ్. అంతే" అనిరి.

అంతే వ్రాసియున్న బాగుండెడిది. కాని నాకడ ఆరు వందల మాటల పట్టిక యొకటి గలదు. దానిని వాడుటకు ఇంతకంటె మంచి అవకాశము దొరకునా? "ఇరిగేషన్" అను మాట నాకు తెలియును. అది ఆ కార్యాలయపు బోర్డుమీదనే యున్నది. బోర్డుమీది మాటను వ్రాసిన నా గొప్పయేమి? నా పట్టికలో "ఇనండేషన్" అను మాట కెదురుగా "నేలను నీటితో కప్పుట" అని యున్నది. వరిచేనికి కావలసినది నేలను నీటితో కప్పుటయే గదా! కాలువ చివరి భాగమును ఆ శాఖవారందరు "టెయిల్ ఎండ్" అందురు. పెద్ద ఉద్యోగికి వ్రాయు కాగితములో తోక మాట యెత్తుట అమర్యాదగా తోచి "ఎక్స్‌ట్రెమిటీ" అని వ్రాసితిని. కాలువ యొక్క ఎక్స్‌ట్రెమిటీలో నున్న మా భూముల ఇనండేషన్ విషయమై తక్షణము చర్య గైకొనవలెనని తాత్పర్యము వచ్చునట్లు రెండు పుటలు నింపితిని. పదునెనమండుగురు రైతులు దానిక్రింద చేవ్రాళ్లును వేలిముద్రలును వేసిరి. ఏమి వ్రాసితివని ఒక్కరైనను అడుగలేదు. నాయందు వారి కంత నమ్మకము.

ఇంగ్లీషు చదివినవారు ఆ మాటను చూచినపుడు వరదను, ముంపును తలతురే గాని, నీటి తడిని తలపరు. ఈ సంగతి పట్టికలో లేదు. అర్జీ చదివిన గుమాస్తాను తప్పుపట్టుటకు వీలులేదు. దినమునకు ఎన్నియో కాగితములు చూచువాడు విషయమను చోట నున్న పంక్తిని చదివి తగిన కట్టలో పెట్టును. మా కాగితము ముంపు కట్టలోనికి పోయినది.

తొమ్మిదవనాడు కాలువ లస్కరు మా యూరికి వచ్చెను. "మీ చేలు మునిగిపోయినాయని అర్జీ పెట్టారంట గదా. షట్టరు ఇంకాస్త దించమని ఆర్డరొచ్చింది" అని చెప్పెను. రచ్చబండమీద నున్నవారెవ్వరును కొంతసేపు మాటాడలేదు. పిమ్మట మా పెదనాన్నగారు నావైపు తిరిగి, "నీళ్లు అనే మాటే లేదట్రా ఆ భాషలో?" అని మాత్ర మడిగిరి. ఆ పూటనే తెలుగున నాలుగు పంక్తుల అర్జీ వ్రాయించి సైకిలుమీద మనిషిని పంపిరి. నీరు వచ్చినది, కాని వేళకు రాలేదు. పొట్టదశలో నీరు తప్పిన వరికి వెన్నులు సరిగా పాలుపోసుకొనవు. ఆ యేడు మా శివారు కళ్లములలో తూర్పారబట్టునపుడు గాలికి లేచిపోయిన తాలు నా కన్నులార చూచితిని. నన్నెవరును తిట్టలేదు. తిట్టియున్న నాకు కొంత తేలికగా నుండెడిది.

ఈ జాడ్యము మనకే పట్టినదని యనుకొనరాదు. ఇంగ్లీషువారికే మొదట పట్టినది. 16వ శతాబ్దమున వారి పండితులు లాటిన్, గ్రీకు భాషలనుండి మాటలను గంపలకొలది తెచ్చి తమ భాషలో గుమ్మరించిరి. ఆ మాటలకు గిట్టనివారు "ఇంక్‌హార్న్" మాటలని పేరిడిరి. ఇంక్‌హార్న్ అనగా కొమ్ముతో చేసిన సిరాబుడ్డి. సిరాబుడ్డిలో పుట్టినవే గాని జనుల నోట పుట్టినవి కావని ఎత్తిపొడుపు. 1553లో థామస్ విల్సన్ అనునాయన వక్తృత్వమును గూర్చి గ్రంథము వ్రాయుచు, ఖాళీపడిన యొక పదవిని కోరుచు నొకడు ఒక పెద్దమనుష్యునికి వ్రాసినట్లుగా, అట్టి మాటలతో క్రిక్కిరిసిన జాబు నొకదానిని అందు చేర్చెను. నా అర్జీకి అది పెద్దన్న. దీనికి విరుగుడుగా సర్ జాన్ చీక్ అను పండితుడు పరభాషా పదముల ఎరువే వలదని, మత్తయి సువార్తను తర్జుమా చేయునపుడు శతాధిపతిని "సెంచూరియన్" అనుటకు మారుగా "హండ్రెడర్" అనెను. అదియు చెల్లలేదు. తేట మాటలని మొండిపట్టు పట్టినంత మాత్రమున భాష మన మాట వినదు.

1604లో రాబర్ట్ కాడ్రీ యను నొకప్పటి బడిపంతులు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థము చెప్పు నిఘంటువులలో అదియే మొదటిదని యెన్నుదురు. దానిలో సుమారు 2,500 మాటలు గలవు. అన్నియు కఠిన పదములే. ఒక్కొక్క దాని కెదురుగా ఒకటి రెండు తేలిక మాటలు. అనగా ఆంగ్ల నిఘంటువు పుట్టుటయే మన బాలుని నోటుపుస్తకమువలె పుట్టినది! 1623లో హెన్రీ కాకరమ్ మరియొక మెట్టెక్కి, తేట మాట నిచ్చి దానికి బదులు పలుకదగిన గంభీరపదమును జూపు భాగమొకటి తన నిఘంటువులో చేర్చెను. అందలి మాటలలో పెక్కులు ఆ పుస్తకములోనే పుట్టి ఆ పుస్తకములోనే గిట్టినవి.

మార్పు తెచ్చినవాడు శామ్యూల్ జాన్సన్. 1755లో వెలువడిన ఆయన నిఘంటువులో మాటలకు అర్థము చెప్పి ఊరకొనక, గ్రంథకర్తలు వానిని వాడిన వాక్యములను లక్షకు పైగా ఉదాహరించెను. తరువాత 1884 మొదలు 1928 వరకు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువునకు ముఖ్య సంపాదకుడైన జేమ్స్ మరే బడిలో పాఠములు చెప్పినవాడే. వేలకొలది జనులు తాము చదివిన పుస్తకములనుండి వాక్యములను చీటీలమీద వ్రాసి ఆయనకు పంపిరి. ఆ చీటీలనుబట్టి అర్థములను నిర్ణయించిరి. 1989నాటి రెండవ కూర్పులో "సెట్" అను మూడక్షరముల క్రియకు నాలుగు వందలకు పైగా అర్థములు గలవు. ఇది కఠిన పదమా, తేలిక పదమా? మన బాలుని నోటుపుస్తకములో "సెట్" లేదు. "పుట్ ఆఫ్", "పుట్ అప్", "పుట్ అవుట్" అను మూటికిని భేదమేమని అడిగితిని. వాడు తల వంచుకొనెను.

మన భాషలో నైనచో ఈ వివేకము పసిపిల్లలకును గలదు. పూర్వము వీధిబడులలో అమరకోశమును వల్లె వేయించెడివారు. తామరకు పద్మము, నళినము, అరవిందము, సరసిజము మున్నగు పేరులన్నియు నాలుకమీద నుండెడివి. అయినను తామరాకులు కొనుటకు బజారునకు పోయి, "అరవింద పత్రము లున్నవా?" అని ఎవడును అడుగలేదు. బడినుండి వచ్చిన కుర్రవాడు, "అమ్మా, క్షుధ బాధించుచున్నది" అనినచో తల్లి అన్నము పెట్టుటకు ముందు నుదుటిమీద చేయివేసి చూచును. ఈ ముక్కలను గ్రాంథికమున వ్రాయుచున్న నన్ను చూచినచో గిడుగు రామమూర్తి పంతులుగారు నవ్వియుందురు. ఆ నవ్వునకు నేను తగుదును. నా మనవి యేమనగా, తెలుగున మనకున్న యీ చెవియే ఇంగ్లీషునందును అలవడవలెను. "పల్క్రిట్యూడ్" నేడు పుస్తకములందును, పరిహాసమందును వినబడు మాట. చెల్లెలి పట్టుపావడా దగ్గర అది అరవింద పత్రమే.

"పరీక్షలలో అట్టి మాటలే యడుగుదురు గదా!" అని తలిదండ్రులు కొంద రందురు. ఒకప్పుడు నిజము. అమెరికా విశ్వవిద్యాలయములకు పోగోరు మన యువకులు జి.ఆర్.ఇ. పరీక్షకై అరుదైన మాటలను వేలకొలది అట్టముక్కలమీద వ్రాసికొని, రైళ్లలోను బస్సులలోను వల్లించెడివారు. ఒక మాటనిచ్చి దానికి వ్యతిరేకపదము చెప్పుమను ప్రశ్నలను 2011లో ఆ పరీక్షనుండి తొలగించిరి. నేడు వాక్యమునందు ఖాళీ నిచ్చి, అచ్చట ఇమిడెడి మాట నెన్నుకొమ్మందురు. శాట్ పరీక్షయందును 2016లో అరుదైన పదముల ప్రాధాన్యము తగ్గించి, వాడుకలోని మాటకు ఆ సందర్భమున నేమి యర్థమో యడుగసాగిరి.

అమెరికాలో 1925నుండి జరుగుచున్న జాతీయ స్పెల్లింగు పోటీ మాటయో? 1999 తరువాతి విజేతలలో అత్యధికులు భారత సంతతివారు; మన తెలుగువారి పిల్లలును అందు గెలిచిరి. అంతకంటె అరుదైన మాటలు ఎక్కడను వినబడవు. కాని ఆ వేదికమీద నిలిచిన బాలుడు మాట చెవిని బడగానే ఏమి చేయును? అది ఏ భాషనుండి వచ్చినది, దాని అర్థమేమి, ఒక వాక్యమున వాడి చూపుడు అని అడుగును. అక్షరములు చెప్పుట అటుతరువాత. గెలిచిన పిల్లలు వట్టి పట్టికతో గెలువలేదు. మాటల వంశవృక్షములను చదివి గెలిచిరి.

ఎన్ని మాటలు నేర్చిన చాలునను ప్రశ్నకు కొంత సమాధానము గలదు. మైకేల్ వెస్ట్ అను ఇంగ్లీషు ఉపాధ్యాయుడు 1920 ప్రాంతములలో ఢాకా నగరమున పనిచేయుచు, వంగదేశపు బాలురు వాచకములలోని అరుదైన మాటలతో కుస్తీ పట్టుచు చదువునందే విసుగు చెందుట గమనించెను. 1953లో ఆయన ప్రకటించిన సుమారు రెండు వేల మాటల పట్టిక ప్రసిద్ధమైనది. సాధారణమైన ఇంగ్లీషు రచనలో నూటికి ఎనుబది వరకు ఆ మాటలే తగులునని పండితులు లెక్కించిరి. నవలయో వార్తాపత్రికయో ఇతరుల సాయము లేక హాయిగా చదువుటకు ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబములు కావలెనట. మన పిల్లలు ఎక్కవలసిన మెట్లు ఈ రెంటి నడుమ నున్నవి. మొదటి రెండు వేలు నోట నాటకముందే చిట్టచివరి మెట్టుపైకి దుముకుట వలన కాళ్లు విరుగును.

మాటల వంశవృక్షములని పైన నంటిని. ఇచ్చట కొంచె మాగుదును. ఇందులో నాకు మక్కువ యెక్కువ. ఇంగ్లీషున "డిజాస్టర్" అనగా మహావిపత్తు. దాని లోపల నున్నది నక్షత్రము. చెడు నక్షత్రమని మూలము. మన యవ్వలు కష్టము వచ్చినపుడు "గ్రహచారం" అని తల కొట్టుకొనుటయు ఇదియే గదా! "మజిల్" అనగా కండరము. లాటిన్ మూలమున దానికి చిట్టెలుక యని యర్థము. చేయి మడిచి కండ నుబ్బించి చూచుకొనిన బాలుడు ఈ మాటను మరల మరచునా? "కంపానియన్" అనగా రొట్టెను కలిసి తినువాడు. మనవారును పొత్తున గుడుచుట యనిరి. ఇక "బాండికూట్" అను మాటను చూచి ఇదేదో అడవిమృగమని బెదరకుడు. అది మన పందికొక్కు! తెలుగువారి గాదెల క్రిందినుండి బయలుదేరి, ఇంగ్లీషులోనికి దూరి, తుదకు ఆస్ట్రేలియాలోని వేరొక జంతువునకు గూడ పేరైనది.

కడపలో కొలువుచేసి మన భాష నేర్చిన బ్రౌనుదొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. దానిని ఒకసారి తెరచి చూడుడు. మాట కెదురుగా అర్థము వ్రాసి ఊరకొనలేదు. కవులు వాడిన తీరును, సంతలో జనులు పలుకు తీరును చూపిరి. ఒక దొర మన భాషను నేర్చిన మార్గమున మనము ఆయన భాషను నేర్వరాదా?

ఆ బాలునితో నేనొక ఒప్పందము చేసికొంటిని. వారమునకు పది మాటలకు మించరాదు. ఆ పదియు వాడు తానై చదివిన యేదో కాగితములో ఎదురుపడినవై యుండవలెను. ఎదురుపడిన వాక్యము నంతను వ్రాయవలెను. దాని క్రింద తన యింటి సంగతిని గూర్చి తన వాక్య మొకటి వ్రాయవలెను. తెలుగు అర్థము చివరకు.

డిసెంబరులో తండ్రిగారు మరల వచ్చిరి. కొత్త నోటుపుస్తకము చూచి వారి ముఖము చిన్నబోయినది. "అప్పుడు నాలుగొందలుండేవండీ. ఇప్పుడు నూటయాభై కూడా లేవు" అనిరి. నేను బదులు చెప్పక మునుపే బాలుడు తన సంచిలోనుండి మడతలు పడిన యొక కాగితము తీసెను. తండ్రిగారి దుకాణములో పురుగుమందు డబ్బాతో వచ్చినది. తెలుగు పుట నూనెమరకలో మునిగి చదువరాకున్నది. ఇంగ్లీషు పుటలో "ఇండ్యూస్" అను మాటక్రింద వాడు గీత గీసియుండెను. పాతపట్టికలో ఆ మాట కెదురుగా "ప్రేరేపించు" అని యుండెడిది. కాగితములోని వాక్యమునుబట్టి వాడు నోటుపుస్తకములో, "ఈ మందు ఎవరైన మ్రింగినచో బలవంతముగా వాంతి చేయింపరాదు, ఆసుపత్రికి తీసికొనిపోవలెను" అని వ్రాసికొనియుండెను. కొన్ని మందులు కిరసనాయిలు వంటి ద్రవములో కలిపినవి గనుక వాంతితోపాటు ఊపిరితిత్తులలోనికి దిగి మరింత హాని చేయును. పల్లెలలో మొదట చేయు పని ఉప్పునీరు త్రాగించి కక్కించుటయే గదా.

తండ్రిగారు ఆ కాగితమును రెండు మూడు మారులు త్రిప్పి చూచిరి. "ఇన్నేళ్లూ వీటిని చెత్తబుట్టలో పడేశాను మాస్టరుగారూ" అనిరి. నాటినుండి దుకాణమునకు వచ్చిన ప్రతి డబ్బాలోని కాగితమును కుమారునికై దాచి తెచ్చుచున్నారు. వాడు వానిని నోటుపుస్తకములో అంటించుకొనుచున్నాడు. అందలి మాటలు కొన్ని నాకును తెలియవు. శనివారము మధ్యాహ్నములందు శంకరనారాయణగారి నిఘంటువు ముందు పెట్టుకొని ఇద్దరమును వెదకుచున్నాము.